హ్యాకింతోష్: నల్ల స్క్రీన్‌తో మూడు రాత్రులు

శనివారం రాత్రి రెండున్నర. కేపీహెచ్‌బీలో మా రూమ్. క్యాబినెట్‌లో ఫ్యాన్ తిరుగుతోంది, కీబోర్డు లైటు వెలుగుతోంది. మానిటర్ మాత్రం నల్లగా ఉంది. సోమవారం పొద్దున పది గంటలకల్లా ఒక కంపెనీకి చిన్న ఐఫోన్ యాప్ చేసి పంపాలి. ఇంటర్వ్యూలో అదే మొదటి పరీక్ష. నా దగ్గర మ్యాక్ లేదు. ఉన్నదల్లా ఒక హ్యాకింతోష్. అదేమో ఇలా మొండికేసింది.

ఇది 2020 ఫిబ్రవరి సంగతి. బీటెక్ అయిపోయి తొమ్మిది నెలలు. ఐఫోన్ యాప్ రాయాలంటే ఎక్స్‌కోడ్ కావాలి, ఎక్స్‌కోడ్ మ్యాక్‌లోనే నడుస్తుంది. కొత్త మ్యాక్‌బుక్ కొనాలంటే లక్ష దాకా పెట్టాలి. మా నాన్నది తెనాలి దగ్గర మోటార్ వైండింగ్ షాపు. ఆయన "ఇంతకంటే నావల్ల కాదు రా" అంటూ 40 వేలు పంపారు. ఆ డబ్బుతో సికింద్రాబాద్ సీటీసీలో ఇంటెల్ ఐ5-9400 ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ కొన్నాను. గ్రాఫిక్స్ కార్డు కాలేజీ రోజుల్లో గేమ్స్ ఆడిన పాతదే, జీటీఎక్స్ 1050 టీఐ.

అసలేంటీ హ్యాకింతోష్?

యాపిల్ 2006 నుంచి మ్యాక్‌లలో ఇంటెల్ ప్రాసెసర్లు పెట్టడం మొదలుపెట్టింది. లోపలి సామాను మామూలు పీసీలో ఉండేదే కాబట్టి, మన పీసీలోనూ మ్యాక్ ఓఎస్‌ని నడపొచ్చని కొందరు దారి కనిపెట్టారు. ఓపెన్‌కోర్ అనే బూట్‌లోడర్ ముందు లేచి, "ఇది ఐమ్యాకే" అని ఓఎస్‌ని నమ్మిస్తుంది. ఏ డ్రైవర్ లోడ్ చేయాలి, ఏ సెట్టింగ్‌తో లేవాలి అన్నదంతా కాన్ఫిగ్ అనే ఒక్క ఫైల్లో ఉంటుంది. గ్రాఫిక్స్ సర్దుబాట్లు చూసుకునేది వాటెవర్‌గ్రీన్.

ఒక మాట దాచకుండా చెప్పాలి. మ్యాక్ ఓఎస్‌ని తన కంప్యూటర్ల మీదే వాడాలని యాపిల్ లైసెన్స్ చెబుతుంది. నేర్చుకోవాలన్న తొందరలో నేను ఆ గీత దాటాను.

శుక్రవారం: కార్డు దెబ్బ

క్యాటలినా ఇన్‌స్టాల్ అయింది, డెస్క్‌టాప్ వచ్చింది. కానీ విండో జరిపితే ముక్కలు ముక్కలుగా కదిలేది. ఐఫోన్ సిమ్యులేటర్ తెరిస్తే మిషన్ మొత్తం నత్తలా తయారయ్యేది. సిమ్యులేటర్ బొమ్మ గీయడానికి మెటల్ అనే గ్రాఫిక్స్ వ్యవస్థను వాడుకుంటుంది. అది నడవాలంటే సరైన డ్రైవర్ ఉండాలి. నాకు లేదు.

కారణం తెలిశాక తల పట్టుకున్నాను. నా కార్డు ఎన్విడియా పాస్కల్ తరానిది. దానికి మ్యాక్ డ్రైవర్లు హై సియెర్రాతోనే ఆగిపోయాయి. 2018లో వచ్చిన మొజావే నుంచి ఇక లేవు. ఎన్ని సెట్టింగులు మార్చినా లేని డ్రైవర్ ఎక్కడి నుంచి వస్తుంది? కొనేముందు పది నిమిషాలు చదివి ఉంటే తెలిసేది. తప్పు పూర్తిగా నాదే.

అదృష్టం ఏంటంటే ఐ5-9400లోనే ఇంటెల్ యూహెచ్‌డీ 630 గ్రాఫిక్స్ ఉంది. క్యాటలినాకి అది బాగా పరిచయం. కార్డు పీకేసి, మానిటర్ కేబుల్ మదర్‌బోర్డుకి పెట్టాను. పవర్ ఆన్ చేశాను. యాపిల్ లోగో వచ్చింది, గీత సగం నిండింది, స్క్రీన్ నల్లబడింది.

శనివారం: అన్నీ కెలికేశాను

శనివారమంతా నేను చేసింది తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. బయోస్‌లోకి వెళ్లి సీఎస్‌ఎం ఆపేశాను, ఫాస్ట్ బూట్ ఆపేశాను, గ్రాఫిక్స్‌కి ముందే కేటాయించే డీవీఎంటీ మెమరీని 64 ఎంబీ చేశాను. ఇవన్నీ చేయాల్సినవే. కానీ అదే ఊపులో ఎవరెవరి కాన్ఫిగ్ ఫైళ్లలోంచో లైన్లు తెచ్చి నా ఫైల్లో కలిపేశాను. నాలుగైదు బూట్ ఆర్గ్యుమెంట్లు ఒకేసారి పడేశాను. సాయంత్రానికి లోగో కూడా రావడం మానేసింది. ఏది మార్చడం వల్ల చెడిందో చెప్పమంటే చెప్పలేను.

"మామా, నా ల్యాప్‌టాప్ తీసుకో, ఆండ్రాయిడ్‌లో చేసి పంపెయ్" అన్నాడు రూమ్మేట్. వాళ్లు అడిగింది ఐఫోన్ యాప్ రా అంటే, దుప్పటి కప్పుకుని అటు తిరిగి పడుకున్నాడు.

తెల్లారుజామున ఐదున్నరకి నాన్న ఫోన్. రోజూ ఆ టైముకే లేస్తారు.

"ఏరా, ఇంకా పడుకోలేదా? గొంతు అదోలా ఉందేంటి?"

"కంప్యూటర్ ఆగిపోయింది నాన్నా. నువ్విచ్చిన డబ్బులు..." మాట పూర్తి కాలేదు నాకు.

డబ్బుల ఊసు ఆయన ఎత్తలేదు. "నిన్న ఎంతవరకు నడిచింది? ఆ తర్వాత దేని మీద చెయ్యేశావు?" అన్నారు.

"చాలా వాటి మీద."

"రాసుకున్నావా?"

రాసుకోలేదు. మా షాపులో కాలిపోయిన మోటార్ వస్తే నాన్న పాత వైరు ముట్టుకునే ముందు చుట్లు ఎన్ని, గేజి ఎంత, కనెక్షన్ ఎటు అని నోటుబుక్కులో రాసుకుంటారు. ఆ లెక్క పోతే ఆ మోటార్ మళ్లీ సరిగా తిరగదు. చిన్నప్పుడు ఆ పుస్తకంలో అంకెలు రాసింది నేనే. ఇంజనీరింగ్ చదివాక అదే మర్చిపోయాను.

"ముందు ఎట్లా ఉందో అట్లా పెట్టు. తర్వాత ఒక్కోటి చూడు" అని ఫోన్ పెట్టేశారు.

ఆదివారం: ఒక్కో అడుగు

పెన్‌డ్రైవ్‌లో శుక్రవారం నాటి ఈఎఫ్‌ఐ ఫోల్డర్ కాపీ దొరికింది. దాన్నే మళ్లీ పెట్టాను. రూమ్మేట్ ల్యాప్‌టాప్‌లో ప్రాపర్‌ట్రీతో కాన్ఫిగ్ తెరిచి, వెర్బోస్ మోడ్ ఒక్కటే ఆన్ చేశాను. లోగోకి బదులు అక్షరాలు గబగబా పరుగెత్తాయి. ఆ వరుసల్ని ఫోన్‌తో వీడియో తీసి, ఆపి ఆపి చూశాను. సరిగ్గా గ్రాఫిక్స్ డ్రైవర్ పని మొదలుపెట్టే చోట స్క్రీన్ ఆరిపోతోంది. అంటే ఓఎస్ లేస్తోంది, బొమ్మ ఎటు పంపాలో తెలియడం లేదంతే.

అప్పుడు కనబడింది అసలు సంగతి. నా ఫైల్లో ఉన్న ప్లాట్‌ఫామ్ ఐడీ 3ఇ, 91, 00, 03. అది విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్నవాళ్ల కోసం. ఆ ఐడీ పెడితే ఇంటెల్ చిప్ వీడియో లెక్కలు చేసిపెడుతుంది, మానిటర్‌కి బొమ్మ మాత్రం పంపదు. కార్డు పీకేసి, మానిటర్‌ని ఇంటెల్‌కి తగిలించి, బొమ్మ పంపొద్దని చెప్పింది నేనే!

కావాల్సింది 3ఇ, 9బి, 00, 07. అలాగే టైప్ చేశాను. మళ్లీ నలుపే. నోటుబుక్కులో రాసుకుని, గైడ్ మరోసారి నిదానంగా చదివాను. కాన్ఫిగ్‌లో ఈ బైట్లను వెనక నుంచి ముందుకు రాయాలట: 07, 00, 9బి, 3ఇ. మార్చాను. ఇంకేదీ ముట్టుకోలేదు.

మధ్యాహ్నం పన్నెండుంబావుకి డెస్క్‌టాప్ వచ్చింది. డాక్ వెనకాల వాల్‌పేపర్ పలచగా కనిపిస్తోంది. 'అబౌట్ దిస్ మ్యాక్'లో యూహెచ్‌డీ 630, 1536 ఎంబీ అని చూపించింది. రూమ్మేట్‌ని లేపి మరీ చూపించాను. సిమ్యులేటర్ తెరిచి, రాత్రంతా కూర్చుని యాప్ పూర్తి చేశాను. సోమవారం తొమ్మిదీ నలభైకి పంపాను.

ఆ ఉద్యోగం రాలేదు. రెండో రౌండ్‌లో పోయింది. నాలుగు నెలల తర్వాత ఇంకో కంపెనీ ఇంటర్వ్యూలో "కష్టమైన బగ్ ఒకటి చెప్పండి" అంటే ఈ ఆదివారం కథే చెప్పాను. ఇప్పుడు అక్కడే చేస్తున్నాను. మొదటి జీతంలోంచి నాన్నకి 10 వేలు పంపితే, "కంప్యూటర్ తిరుగుతోందా?" అని అడిగారు, మోటార్ గురించి అడిగినట్టే.

ఇప్పుడు మీరు చేయాలా?

కొత్తగా డబ్బులు పెట్టి మాత్రం వద్దు. 2020లోనే యాపిల్ సొంత చిప్‌లకు మారడం మొదలుపెట్టింది. ఇంటెల్ మ్యాక్‌లకు టాహోనే ఆఖరి వెర్షన్ అని 2025లో ప్రకటించింది. హ్యాకింతోష్ బతికేది ఆ ఇంటెల్ దారి మీదే. యాప్‌లే నేర్చుకోవాలనుకుంటే సెకండ్ హ్యాండ్ ఎం1 మ్యాక్ మినీ వెతుక్కోవడం మేలు.

పాత పీసీ ఖాళీగా ఉండి, సరదాకి చేస్తామంటే ఇవి గుర్తుపెట్టుకోండి. సామాను కొనక ముందే మీ గ్రాఫిక్స్‌కి డ్రైవర్ ఉందో లేదో చూడండి. నడుస్తున్న ఈఎఫ్‌ఐని వేరే పెన్‌డ్రైవ్‌లో దాచండి. స్క్రీన్ నల్లబడితే కంగారుపడకుండా వెర్బోస్ ఆన్ చేసి ఎక్కడ ఆగిందో చదవండి. వేరేవాళ్ల కాన్ఫిగ్ తెచ్చి అలాగే పెట్టకండి, అది వాళ్ల మిషన్ కోసం రాసింది. ఒకసారికి ఒక్కటే మార్చండి. మార్చింది రాసుకోండి.

నా డెస్క్ మీద ఇప్పుడు ఆఫీసు ఇచ్చిన మ్యాక్‌బుక్ ఉంది. పక్కనే రూళ్ల నోటుబుక్కు కూడా ఉంటుంది. సర్వర్ పడిపోయి అందరూ ఒకేసారి కెలకడం మొదలుపెడితే, నేను ముందు అందులో ఒక ప్రశ్న రాస్తాను: చివరగా దేని మీద చెయ్యేశాం?