ఒంటిరాయి యెట్లు నిలిచెను?



గండికోటకుఁ బోయినవారెల్లరు పెన్నేటి గండి యంచున నిలిచి క్రిందికిఁ జూచియే యుందురు. సుమారు 300 అడుగుల లోఁతున నది. ఇరుప్రక్కల నెఱ్ఱని బండలు. వానిలోఁ గొన్ని బీటచేఁ గొండనుండి వేఱుపడి యొంటిగా నిలిచియున్నవి. "అయివారూ, ఈ బండల్ను ఎవురు నిలబెట్టినారు?" అని మా బడిపిల్లవాఁడొకఁడు నన్నడిగెను. ఎవరును నిలువఁబెట్టలేదు, చుట్టునున్నది పోఁగా నిది మిగిలినది. ఈ మాట వానికి సముద్రపుటొడ్డు కథ చెప్పిన పిమ్మటఁ గాని యర్థము కాలేదు. ఆ కథనే యిప్పుడు చెప్పెదను.

ఇంగ్లండు దేశపు దక్షిణతీరమున డార్సెట్ అను సీమ కలదు. అచ్చట సముద్రపుటంచున తెల్లని సుద్దకొండ గోడవలె నిట్టనిలువుగా నున్నది. సుద్ద మన నాపరాతివలె సున్నపుజాతిదే కాని మిగుల మెత్తనిది. కంటికిఁ గానరాని సముద్రపు నాచుజీవుల పెంకులు లక్షలయేండ్లు అడుగునఁ బేరుకొని యట్లయినవి. (బడులలో నేఁడు వాడు సుద్దముక్కలు చాలవఱకు జిప్సముతోఁ జేసినవి, పేరు మాత్రము నిలిచినది.)

ఆ గోడలో బీటలున్నవి. అలలు గులకరాళ్లను విసరి విసరి బీటను గుహగాఁ జేయును. కొండ సముద్రములోనికి ముక్కువలెఁ జొచ్చినచోట గుహ యావలిప్రక్కకుఁ బొడుచుకొనిపోయి తోరణమగును. తిరుమలలో శిలాతోరణమును జూచినవారికి ఆ యాకారము తెలియును. కొంతకాలమునకుఁ దోరణపుఁ గప్పు తన బరువునకుఁ దానే కూలును. అప్పుడు సముద్రమువైపు కాలు మాత్రము నీటిలో నొంటిస్తంభమై నిలుచును. అట్టి స్తంభము నచ్చటివారు ముసలి హ్యారీ యనిరి. ప్రక్కనున్న దానిని వాని భార్య యనిరి. బండలకు కథలు గట్టుట మనకే యలవాటు గాదు! ఆ భార్య 1896లోఁ గూలెను. ఇప్పుడు మొద్దు మాత్రమే కలదు.

గండికోట రాయి సుద్దవంటిది కాదు. పలువురు దానిని గ్రానైటందురు, అది పొరపాటు. 150 కోట్ల సంవత్సరములకుఁ బూర్వమే యీ సీమను గప్పియున్న సముద్రపుటిసుక గట్టిపడి యా రాయి యైనది. నేఁడిచ్చట నలలు లేవు. పెన్న గండిని గోసెను. బీటలలో వాననీరు, ఎండవేఁడిమి, చెట్లవేళ్లు మిగిలిన పనిని మెల్లగాఁ జేయుచున్నవి.

"మా తాతలనాఁటినుండి ఆ బండ కదలలేదు" అని మీరనవచ్చును. హ్యారీ భార్యను గూర్చి 1895లో నచ్చటివారును నట్లే యనియుందురు. పడుచువారు ఛాయాచిత్రములకై యిట్టి బండల కొసల కెక్కుచున్నారు. వెనుకనున్న బీటను ముందు చూడుఁడని వారికిఁ జెప్పుఁడు. లోపలిరాయి క్రొత్తగా విఱిగినట్లు నిగనిగలాడుచున్నను, సన్నరాళ్లు జాఱి యందు నిఱుకుకొని యున్నను, ఆ బండ యిటీవల కదలినదని యెఱుఁగవలెను. పాతబీటయైనను, వాన కురిసిన దినములలో దానిపైఁ గాలు మోపరాదు.