మూగవోయిన స్వరాన్ని వెతకడం ఎలా?

దశాబ్దాలుగా మూలపడి ఉన్న హామండ్ ఆర్గన్‌ను కొన్నవారిలో కొందరు తొందరపడి, లోపలి పాత భాగాలన్నింటినీ మార్చడానికి పూనుకుంటారు. దానివల్ల అసలు లోపం అలాగే మిగిలిపోవచ్చు. ఆ వాద్యానికే ప్రత్యేకమైన నాదం మాత్రం పోవచ్చు. ఏ స్వరం, ఎక్కడెక్కడ పలకడం లేదో ముందు శ్రద్ధగా వింటే, పెట్టె తెరవకుండానే లోపం ఉన్న చోటు చాలావరకు తెలుస్తుంది.

లారెన్స్ హామండ్ ఈ వాద్యానికి 1934లో పేటెంట్ పొంది, 1935లో అమ్మకానికి తెచ్చాడు. హార్మోనియంలో గాలికి రీడు కంపించి స్వరం పుడుతుంది. ఇక్కడ గాలికి పనిలేదు. అంచున ఎత్తుపల్లాలున్న ఉక్కు చక్రాలను మోటారు తిప్పుతుంది. ఒక్కొక్క చక్రం ఒక అయస్కాంతపు కడ్డీ కొన ఎదుట తిరిగినప్పుడు, కడ్డీకి చుట్టిన తీగలో విద్యుత్ స్పందన పుడుతుంది. సుప్రసిద్ధమైన బి-3 నమూనాలో ఇలా పుట్టే స్వరాలు 91. ప్రతి మెట్టు కింద 9 లోహస్పర్శలుంటాయి; వాటి పాళ్లను 9 డ్రాబార్లు నిర్ణయిస్తాయి. ఒకే చక్రం నుంచి వచ్చే స్వరం అనేక మెట్లకు పంపిణీ అవుతుంది. లోపాన్ని పట్టుకోవడానికి ఆధారం ఇదే.

ఒక్క డ్రాబార్‌నే బయటికి లాగి, మెట్లన్నింటినీ వరసగా నొక్కాలి. తరవాత మరొకటి. ఒక డ్రాబార్‌తో ఒకే ఒక మెట్టు పలకక, అదే స్వరం ఇతర చోట్ల వినిపిస్తే, ఆ మెట్టు కింది స్పర్శ వద్ద దుమ్ము చేరి ఉంటుంది. మెట్టును పలుమార్లు గట్టిగా నొక్కితేనే అది తొలగిపోవచ్చు. ఒక స్వరం రావలసిన చోట్లన్నింటా లేకపోతే లోపం జనరేటర్‌లో ఉన్నట్టు. ఒక డ్రాబార్ అన్ని మెట్లకూ మూగదైతే దాని తీగను చూడాలి. వాద్యమంతా మౌనం వహించినా, ఎడతెగని రొద చేసినా ఆంప్లిఫయర్‌ను అనుమానించాలి. అయితే ప్లగ్ తీసిన తరవాత కూడా ఆంప్లిఫయర్ కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది. దానిని అనుభవజ్ఞుడైన టెక్నీషియన్‌కు వదిలివేయడమే క్షేమం.

చక్రాలు సరిగా తిరగకపోతే మొదట అడగవలసింది నూనె గురించి. బి-3ను నడపాలంటే స్టార్ట్ మీటను సుమారు 8 సెకన్లు పట్టి ఉంచి, దానిని వదలకుండానే రన్ మీటను వేసి, మరో 4 సెకన్ల తరవాత స్టార్ట్‌ను వదలాలి. వదలగానే చక్రాలు ఆగిపోతుంటే, లోపలి నూనె ఎండిపోయి ఉండవచ్చు. నూనెను బేరింగులకు చేర్చేవి సన్నని నూలు దారాలు. ఈ జనరేటర్ కోసమే తయారయ్యే పలుచని నూనెను ఏటా పొయ్యాలి. చేతికందిన నూనె పోస్తే అది చిక్కబడి దారాలను మూసివేస్తుంది.

శ్రుతి మొత్తం దిగిపోవడం మరొక సమస్య. మోటారు వేగం కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి ఉంటుంది. అమెరికాలో 60 హెర్ట్జ్‌కు చేసిన ఆర్గన్‌ను భారతదేశానికో, బ్రిటన్‌కో తీసుకువెళితే, అక్కడి 50 హెర్ట్జ్ మీద శ్రుతి దాదాపు మూడు అర్ధస్వరాలు దిగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మార్చగలదు గాని ఫ్రీక్వెన్సీని మార్చలేదు.

లోపంగా కనిపించే ప్రతిదీ సరిచేయవలసినది కాదు. మెట్టు నొక్కగానే వినిపించే చిన్న టిక్కు శబ్దాన్ని తొలినాళ్లలో ఇంజనీర్లు దోషమనే భావించారు. జాజ్, రాక్ వాద్యకారులు దాన్నే ఇష్టపడ్డారు. అలాగే, పాత జనరేటర్లలోని మైనపు కాగితపు కెపాసిటర్లు కాలక్రమంలో మారి, పై స్వరాలను మెత్తబరుస్తాయి. వాటిని మారిస్తే నాదం పదునెక్కుతుంది. ఆ పాత మెత్తదనం పోతుంది. ఏది కావాలో ముందే తేల్చుకోవాలి. మార్చితే, తీసిన భాగాలకు ఏది ఎక్కడిదో చీటీలు రాసి ఆర్గన్‌తోనే ఉంచడం మంచిది. మరొకరు దానిని విప్పిన రోజున, వారికి అదే కేస్ షీటు.