దూదిలోని నిప్పు

రాయపోలు రైతు దసరా వెళ్లిన పిదప ప్రత్తిని ట్రాక్టరున కెత్తి జిన్నింగు మిల్లునకు తోలును. ధర యెంత పలికినదని విచారించును. తేమ యెంత చూపినదని వాదించును. ఆ మిల్లులో ప్రత్తిని యంత్రమునకు త్రోయు కూలివాని ప్రాణమునకు రక్షణ యేమియని అడుగువారు మాత్రము అరుదు. నేడు మేమా ప్రశ్ననే పాఠకుల యెదుట నుంచుచున్నాము.

2025 జూన్ 30వ తేదీ ఉదయమున సంగారెడ్డి జిల్లా పాశమైలారములోని సిగాచి కర్మాగారమున ఘోర విస్ఫోటనము సంభవించెను. మృతులును, జాడ తెలియకపోయినవారును కలిసి 54 మంది. వారిలో పలువురు ఉత్తరాది రాష్ట్రముల నుండి పొట్ట చేతబట్టుకొని వచ్చినవారు. 2016 వరకు పాశమైలారమును రాయపోలును ఒక్క మెదకు జిల్లాలోనివే. ఐనను "అది మందుల కర్మాగారము గదా, మనకేల?" యని మనలో ననేకులు ఊరకుండిరి. ఆ భావము పొరపాటు. అచట తయారైనది మందుబిళ్లలలో గలుపు సెల్యులోజు పొడి. కొయ్యగుజ్జు నుండి తీయునది. మన ప్రత్తిపీచునందు నూటికి దాదాపు తొంబది పాళ్లు ఆ సెల్యులోజే!

కొయ్యదుంగ మెల్లగా కాలును. దానినే మెత్తని పొడిచేసి గాలిలో నెగురనిచ్చినచో ఒక్క రవ్వకు రెప్పపాటున అంతయు మండును. మూసిన గదియైనచో గోడలే పగులును. ఆ అదటునకు దూలములపై పేరుకొనిన ధూళి రాలి, మొదటిదానికంటె పెద్దదగు రెండవ విస్ఫోటనము కలుగవచ్చును. మిల్లులలో తీగలపై, దూలములపై వ్రేలాడు దూదినూగును చిన్నచూపు చూడరాదు. మంట దానివెంట తాటాకు మంటవలె ప్రాకును.

రవ్వ యెచటనుండి వచ్చును? ప్రత్తిలో దొరలిన రాయియో ఇనుపముక్కయో యంత్రమునకు తగులుట వలన. కందెన లేక కాగిన బేరింగు వలన. వదులైన కరెంటు తీగ వలన. ఆర్పక పారవేసిన బీడీ వలన. వీనిలో దైవికమైన దొక్కటియు లేదు.

స్వరాజ్యము వచ్చిన మరుసటి యేట, 1948లో, చేసిన ఫ్యాక్టరీల చట్టము తన 37వ సెక్షనున మూడు మాటలు చెప్పెను: ధూళి వెలువడు యంత్రమును మూసియుంచుడు, ధూళిని పేరుకొననీయకుడు, రవ్వను దరిజేరనీయకుడు. 2025 నవంబరు 21 నుండి దాని స్థానమున క్రొత్త స్మృతి వచ్చినది. చట్టము మారినను నిప్పు స్వభావము మారదు.

ఇక దారి మాట. 2022 మార్చి 23న సికిందరాబాదు భోయిగూడలో తుక్కు గోదామునకు నిప్పంటుకొని, మేడపై నిద్రించుచుండిన బీహారు కూలీలు 11 మంది మరణించిరి. వారికి దిగివచ్చుటకు మెలికల మెట్లు ఒక్కటే. అదియు గోదాములోనికే దిగును. రెండవ ద్వారమునకు పట్టు ఖర్చెంత? పదునొకండు ప్రాణములకంటె ఎక్కువయా?

నిప్పు కనబడినంతనే యంత్రమును, కరెంటును ఆపవలెను. జనమును వెలుపలికి పంపి 101కు కబురు చేయవలెను. దూదికి నీరు తుంపరగా చల్లవలెను. ధారగా కొట్టినచో నూగు లేచి మంట పెరుగును. కరెంటు ఆగని చోట నీరు పనికిరాదు. పొడి లేక బొగ్గుపులుసు వాయువు వాడవలెను. బేలు పైకి ఆరినట్లు కనబడినను లోపల గంటలకొలది, ఒక్కొక్కప్పుడు దినములకొలది రగులును. కావున దానిని దూరముగా లాగి, విప్పి, తడిపి, కాపలా యుంచవలెను. ఋణశేషముతోపాటు అగ్నిశేషమును మిగుల్పరాదని పెద్దలు ఊరక చెప్పలేదు.

పట్టణమునుండి శకటము వచ్చులోపల గడచు తొలి నిమిషములే ప్రాణములను నిలుపునవి. ఆ నిమిషములకు సిద్ధపడుట యజమాని ధర్మము. సిద్ధపడినాడా యని అడుగుట, ఆ మిల్లునకు ప్రత్తి నిచ్చు రైతు ధర్మము. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుట యింకెన్నాళ్లు? ఈ యేడు ప్రత్తి తోలునపుడు మిల్లు దూలములవంక ఒక్కమారు తలయెత్తి చూడుడు. వెనుక తలుపునకు తాళమున్నదేమో అడుగుడు. పరుల కష్టముపై బ్రతుకుచు వారి ప్రాణమును లెక్కింపని జాతికి స్వాతంత్ర్యము సగమే వచ్చినట్లు.