పుస్తకాలలో కాపురమున్న అపరాధ పరిశోధకురాలు

అపరాధ పరిశోధక నవల అనగానే పెద్దలు ముఖం చిట్లించుకొనడం మన తరగతి గదులకు కొత్త కాదు. నిఘంటువు క్రింద దాచుకొని డిటెక్టివ్ యుగంధర్ కథలు చదివిన విద్యార్థులూ, వారి చేతినుండి ఆ పుస్తకం లాగుకొని సాయంకాలానికి తామే పూర్తిచేసిన ఉపాధ్యాయులూ లోకంలో లేకపోలేదు. ఒక హత్య, నాలుగు ఆనవాళ్లు, ఆరుగురు అనుమానితులు, చివరి ప్రకరణంలో ముసుగు తొలగింపు, ఇంతే కదా అని తేల్చివేసే విమర్శకులను ఒక్క మాట అడగవచ్చును. హతుడైనవాడు నవలలోని ఒక పాత్ర అయితే? దొంగ ఎత్తుకొనిపోయినది కథానాయికనే అయితే? అప్పుడు నేరం జరిగిన చోటు ఏది? పోలీసులు ఏ పుటలో కాలు మోపవలె?

ఈ చిలిపి ప్రశ్నలను పట్టుకొని జాస్పర్ ఫోర్డ్ అనే ఆంగ్ల రచయిత ఒక నవలామాలికనే అల్లినాడు. 1961లో లండనులో జన్మించిన ఈయన చాలకాలం చలనచిత్ర రంగంలో కెమేరా సహాయకుడుగా పనిచేసినాడు. మొదటి నవల అచ్చుకాక ముందు ప్రచురణకర్తల నుండి 76 తిరస్కార లేఖలు అందుకొన్నాడని ప్రసిద్ధి. 2001లో వెలువడిన ఆ మొదటి నవల పేరు 'ది ఎయిర్ అఫేర్'. దాని నాయిక థర్స్‌డే నెక్స్ట్. తెలుగులో చెప్పవలెనంటే 'వచ్చే గురువారం' అని ఆమె పేరు! పేరుతోనే పాఠకుని పెదవిపై నవ్వు మొలిపించి రచయిత కథలోకి దిగుతాడు.

కథాకాలం 1985. కాని అది మనమెరిగిన 1985 కాదు. ఆ ఇంగ్లండులో క్రిమియా యుద్ధం ఇంకా ముగియలేదు. ప్రజలకు సాహిత్యమంటే ప్రాణం. షేక్స్పియరు నాటకాలను వ్రాసినది నిజానికి బేకన్ అని ఇంటింటికీ తిరిగి ప్రచారం చేసేవారున్నారు. సాహిత్య నేరాలను పట్టుకొనడానికి ప్రత్యేకంగా ఒక ప్రభుత్వ శాఖయే ఉన్నది. థర్స్‌డే అందులో ఉద్యోగిని. ఆమె మేనమామో, పినతండ్రో (ఆంగ్లేయులకు రెండింటికీ ఒకటే మాట గదా!) మైక్రాఫ్ట్ అనే వృద్ధుడు మనుషులను పుస్తకాలలోకి పంపే యంత్రాన్ని కనిపెడతాడు. అది ఒక దుర్మార్గుని చేతిలో పడుతుంది. డికెన్స్ వ్రాసిన 'మార్టిన్ చజిల్‌విట్' మూలప్రతి నుండి వాడు ఒక చిన్న పాత్రను బయటికి లాగి చంపుతాడు. వెంటనే లోకంలోని ప్రతులన్నింటిలో ఆ పాత్ర మాయమవుతుంది. పిదప వాడి కన్ను షార్లెట్ బ్రాంటీ 1847లో ప్రకటించిన 'జేన్ ఎయిర్' మీద పడుతుంది. ఈసారి ఎత్తుకొనిపోయినది జేన్‌నే.

ఇక్కడ రచయిత చూపిన చమత్కారాన్ని ఉపాధ్యాయులు ప్రత్యేకంగా గమనింపవలె. 'జేన్ ఎయిర్' ఉత్తమ పురుషలో సాగే కథ. 'నేను' అని చెప్పే మనిషిని అపహరిస్తే ఇక కథ చెప్పేవారెవరు? ఆ క్షణం నుండి తక్కిన పుటలన్నీ తెల్లకాగితాలవుతాయి. కథకు కథకుడు ప్రాణమని మనం ఎన్ని విధాల బోధించినా, ఆ తెల్లకాగితాలు చెప్పినంత సూటిగా చెప్పలేము.

మరొక చమత్కారం. థర్స్‌డే లోకంలోని 'జేన్ ఎయిర్' మన ప్రతి వలె ముగియదు. అందులో జేన్ రాచెస్టరును విడిచి సెయింట్ జాన్‌తో హిందూదేశానికి ప్రయాణమవుతుంది. పాఠకులందరికీ అదొక తీరని అసంతృప్తి. నేరస్థుని వెంట నవలలోకి ప్రవేశించిన పరిశోధకురాలు పోతూపోతూ ఆ ముగింపును సవరిస్తుంది. మనం నేడు చదువుతున్న ముగింపు అదేనట!

ఇవన్నీ నాందీప్రస్తావన మాత్రమే. పూర్తిగా పుస్తకాల లోపలనే నడిచే నవల మాలికలో మూడవది, 2003లో వెలువడిన 'ది వెల్ ఆఫ్ లాస్ట్ ప్లాట్స్'. 'తప్పిపోయిన కథల బావి' అని అనువదించుకొందాము. శత్రువులు థర్స్‌డే భర్తను చరిత్ర నుండే తుడిచివేసినారు. ఆమె గర్భవతి. తలదాచుకొనడానికి ఆమె ఎంచుకొన్న చోటు 'కావర్షామ్ హైట్స్' అనే అచ్చుకాని, అచ్చు కాదగనంత నాసిరకపు అపరాధ పరిశోధక నవల. అందులోని ఒక సరస్సు మీద తేలే పాత నీటివిమానంలో ఆమె కాపురం.

ఆ పుస్తకలోకానికి నడుమ ఒక మహాగ్రంథాలయం ఉన్నది. ఆంగ్లాక్షరాల లెక్కన పైకి 26 అంతస్తులు, నేల క్రిందికి మరి 26. మన అక్షరమాల ప్రకారం కట్టివుంటే మేస్త్రీలు పారిపోయేవారు. పై అంతస్తులలో అచ్చయిన పుస్తకాలుంటాయి. క్రింద అచ్చుకానివీ, సగంలో ఆగినవీ, రచయిత మనసులోనే మిగిలిపోయినవీ ఉంటాయి. ఆ క్రింది భాగమే బావి. అక్కడి అంగళ్లలో కథామలుపులూ, పాత్రల పూర్వచరిత్రలూ అమ్ముతారు. కథలో పడిన బొక్కలను పూడ్చే పనివారు వేరే ఉన్నారు. గ్రంథపాలకుడు లూయీ కారల్ సృష్టించిన నవ్వే పిల్లి. పాత్రలు ఒకరితో ఒకరు దూరాన మాట్లాడుకొనడానికి పుట అడుగున ఉండే పాదసూచికలే టెలిఫోను తీగలు!

పాఠకుడు పుస్తకం మూసిన తరువాత పాత్రలు ఏమి చేస్తారు? ఫోర్డు సమాధానం, వారి వారి పనులు చూసుకొంటారని. డికెన్స్ 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్'లో పెండ్లినాడు మోసపోయి, గడియారాలు ఆపివేసి, పెండ్లిదుస్తులు విప్పకుండా ముసలిదైన మిస్ హావిషామ్ ఇక్కడ పుస్తకలోకపు రక్షకశాఖలో ఉద్యోగిని, థర్స్‌డేకు గురువు, మోటారు కారు వేగంగా నడపడమంటే ఆమెకు వెర్రి. 'వుదరింగ్ హైట్స్' పాత్రలందరికీ హీత్‌క్లిఫ్ అంటే పట్టరాని ద్వేషం కనుక, వారిని కూర్చోబెట్టి కోపం అణచుకొనే విద్య నేర్పించవలసి వస్తుంది. ఆ సభను నడిపేది ఏ పురుషుణ్ణీ క్షమింపని హావిషామే! పరీక్షలో 'హీత్‌క్లిఫ్ పాత్రచిత్రణను వివరింపుము' అన్న ప్రశ్నకు గుణాల పట్టిక వ్రాసి చేతులు దులుపుకొనే విద్యార్థి ఈ ప్రకరణం చదివితే, ఆ ఇంటిలో ఎవరెవరికి ఎందుకు పగ అని మూలం తెరచి చూడక మానడు.

రూపమూ, లింగమూ, స్వభావమూ ఏర్పడని పాత్రలను తయారుచేసే పాఠశాల కూడ అక్కడ ఉన్నది. అందులోని ఇద్దరు పిల్లలు థర్స్‌డే ఇంట అద్దెకుంటారు. మొదట ఇద్దరికీ తేడా తెలియదు. వ్యంగ్యం అర్థం కాదు. రోజులు గడిచేకొద్దీ అభిరుచులూ, మొండితనాలూ, ఈర్ష్యలూ పుట్టుకొని వచ్చి ఇద్దరూ వేరువేరు మనుషులవుతారు. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారికి ఈ ఘట్టం హాస్యంగా మాత్రమే తోచదు. అక్షరదోషం ఒక అంటువ్యాధి కావడం మరొక కల్పన. అది సోకితే మాట మారడంతోపాటు వస్తువూ మారిపోతుంది. మన భాషలో ఊహించుకొంటే, గిన్నెలోని పాలు పాము అవుతాయి. మేడ మేక అయి గడ్డి మేస్తుంది. దానికి అడ్డుకట్టగా నిఘంటువులను గోడలవలె పేరుస్తారు. నిఘంటువుకు ఇంతకన్న గౌరవం ఏ కథలోనూ దక్కియుండదు.

కల్పనకూ లోకానికీ నడుమ గోడ పడగొట్టడం ఈయనతో మొదలు కాలేదు. సెర్వాంటెస్ 1615లో వెలువరించిన రెండవ భాగంలో డాన్ క్విక్సోట్ తన కథ అచ్చయినదని తెలిసియే సంచరిస్తాడు. 16వ శతాబ్దంలో మన పింగళి సూరన 'కళాపూర్ణోదయం'లో బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ భూమిమీద మనుషులై నడచినట్లు కల్పించినాడు. సూరన వద్ద కథ లోకంలోకి దిగివస్తుంది. ఫోర్డు వద్ద లోకం నుండి ఒక ఉద్యోగిని కథలోకి దిగిపోతుంది. పోలిక అంతవరకే, ప్రౌఢిలో సూరన వేరు.

నవలకు బిగువునిచ్చినది అపరాధమే. పుస్తకలోకంలో ఒక కొత్త యంత్రాంగాన్ని ప్రవేశపెట్టబోతున్నారు. రంగులూ, వాసనలూ, చదువరి కనులముందు కదిలే సొగసులూ అన్నీ అందులో ఉంటాయట. 'అల్ట్రావర్డ్' దాని పేరు. దానిని ముందుగా పరీక్షించే వారికి ఒకరి తరువాత ఒకరికి ఆపద సంభవిస్తుంది. ఒకరిని కట్టు తెంచుకొన్న మినోటార్ అనే వృషభముఖ రాక్షసుడు మింగుతాడు; ఇంకొకరు అక్షరదోష వ్యాధికి బలి అవుతారు. ప్రమాదాలా, హత్యలా? థర్స్‌డే ఆనవాళ్లు కూర్చుకొంటూ పోగా తేలిన గుట్టు ఇది: అల్ట్రావర్డుతో తయారైన పుస్తకం మూడుసార్లు మాత్రమే చదువుటకు వీలవుతుంది. నాలుగవసారికి అది మూగపోతుంది. స్నేహితునికి ఇవ్వడం, గ్రంథాలయంలో ఉంచడం, పాత పుస్తకాల అంగడిలో కొనడం అన్నీ అంతటితో సరి.

2003లో ఇది హాస్యకల్పన. 2009 జూలైలో అమెజాన్ సంస్థ, అమ్మినవారికి హక్కు లేదన్న కారణంతో, పాఠకులు డబ్బిచ్చి కొనుక్కొన్న ఆర్వెల్ '1984', 'యానిమల్ ఫారమ్' ప్రతులను వారి కిండిల్ పరికరాల నుండి వారికి తెలియకుండానే తొలగించినది. తరువాత క్షమాపణ చెప్పుకొన్నది. ప్రభుత్వం పాత కాగితాలను కాల్చివేసే కథ '1984'. 2011లో హార్పర్ కాలిన్స్ అనే ప్రచురణ సంస్థ, గ్రంథాలయాలు కొన్న ఎలెక్ట్రానిక్ ప్రతి 26 పర్యాయాలు మాత్రమే ఎరువివ్వబడునని నియమం పెట్టినది. ఇరవైఏడవ పాఠకునికి గ్రంథాలయం మళ్లీ కొనవలె. ఫోర్డు మూడని వ్రాస్తే వ్యాపారులు కొంత ఉదారంగా 26 అన్నారు!

పుస్తకం వెనుక అతికించిన చీటీమీద వరుసగా పడిన తేదీముద్రలను చూసినవారికి ఈ నేరపు బరువు వేరుగా చెప్పనక్కరలేదు. అట్ట ఊడి, అంచులు నలిగి, ఎవరో పెన్సిలుతో అర్థాలు వ్రాసుకొన్న ప్రతిలోనే మనలో చాలామంది శరత్తునూ, విశ్వనాథనూ చదివినాము. ఉత్తమ కావ్యానికి నాలుగవ పఠనమే అసలు పఠనం. మొదటిసారి కథకోసం పరుగెత్తుతాము. ప్రతిపదార్థం తెలిసినది మొదలు పద్యం కొత్తగా వినబడుతుంది. మూడింటితో గడువు తీరే పుస్తకంతో పాఠం చెప్పడం సాధ్యమా? అందుచేత థర్స్‌డే కాపాడబోయేది ఏ ఒక్క పాత్ర ప్రాణమూ కాదు, మళ్లీ చదువుకొనే మన హక్కు. ఆమె గెలుపోటముల సంగతి ఇక్కడ చెప్పడం చదువబోయేవారికి ద్రోహం.

లోపాలు లేకపోలేదు. చమత్కారాలు ఒకదానిపై ఒకటి ఎక్కి కూర్చొనడం వల్ల అసలు పరిశోధన అక్కడక్కడ కనుమరుగవుతుంది. భర్తను పోగొట్టుకొన్న స్త్రీ దుఃఖాన్ని రచయిత తాకీ తాకనట్లు వదలివేసినాడు. ఆంగ్ల ప్రాచీన నవలలతో పరిచయం లేనివారికి సగం హాస్యం అందదు. అయినా 2004లో హాస్యరచనకు ఇచ్చే వుడ్‌హౌస్ బహుమానం ఈ నవలకే వచ్చినది. ఒక పందికి గెలిచిన గ్రంథం పేరు పెట్టడం ఆ బహుమానపు ఆచారం. వుడ్‌హౌస్ అభిమానులకు కారణం తెలుసును.

'కావర్షామ్ హైట్స్' సంగతి మిగిలినది. ఫోర్డు మొట్టమొదట వ్రాసినది హంప్టీ డంప్టీ మరణం గూర్చిన అపరాధ పరిశోధక కథ. ప్రచురణకర్తలు తిప్పిపంపినందున అది ఏండ్ల తరబడి పెట్టెలో ఉండిపోయినది. బావి అడుగున పడి, అక్షరాలుగా విడగొట్టి కరిగించివేస్తారేమోనని గడగడలాడే ఆ నాసిరకపు నవలలో పరిశోధకుడు జాక్ స్ప్రాట్. 2005లో ఆ పాత కథ తిరిగి వ్రాయబడి 'ది బిగ్ ఓవర్ ఈజీ' అన్న పేర అచ్చయినది. అందులోనూ పరిశోధకుడు జాక్ స్ప్రాటే.

విద్యార్థుల చేతికి ఇవ్వదలచిన ఉపాధ్యాయులు వరుస తప్పకుండా ఉంటే మంచిది. ముందుగా గ్రంథాలయం నుండి 'జేన్ ఎయిర్', సంక్షిప్త ప్రతి అయినా సరే. తరువాత 2001 నాటి నవల. బావిలోకి ఆ పిదపనే.