తిన్న ముద్ద ఎక్కడికి పోతుంది?

రంజాన్ నెల వచ్చిందంటే మా తరగతి గదిలో ఏటా ఒక ప్రశ్న తప్పదు. "మాస్టారూ, సహరీలో తిన్నది సాయంత్రం దాకా ఒంట్లో ఎక్కడ దాగి ఉంటుంది?" పిల్లలకు చెప్పే జవాబునే ఈ సంచికలో దాతలకు, పెద్దలకు మనవి చేస్తున్నాం.

కృష్ణా డెల్టాలో పుట్టిన మనకు పిండిపదార్థం అంటే అన్నమే. బియ్యంలో ముప్పాతిక వంతుకు పైగా అదే ఉంటుంది. గ్లూకోజు అణువులను దండలా గుచ్చితే పిండిపదార్థం. నాలుగు మెతుకులు ఎక్కువసేపు నమిలి చూడండి, తియ్యగా తగులుతాయి. లాలాజలం దండను తెంచడం మొదలుపెట్టిందన్నమాట. మిగతా పని చిన్నప్రేగులో పూర్తయి గ్లూకోజు రక్తంలో కలుస్తుంది.

పరగడుపున ఆరోగ్యవంతుడి రక్తం మొత్తంలో ఉండే గ్లూకోజు సుమారు 5 గ్రాములే, అంటే ఒక టీస్పూను. మెదడు ఒక్కటే రోజుకు 120 గ్రాముల దాకా ఖర్చు చేస్తుంది. మరి ఆ స్పూను ఖాళీ కాకుండా చూసేదెవరు? కాలేయం. అది మన ప్రకాశం బ్యారేజీ లాంటిది. తిన్నప్పుడు మిగిలిన గ్లూకోజును గ్లైకోజన్‌గా మార్చి సుమారు 100 గ్రాములు నిలుపుకొని, తిననప్పుడు కాలువలకు నీళ్లు వదిలినట్టు కొద్దికొద్దిగా వదులుతుంది. బ్యారేజీలో నిలిచేది 3 టీఎంసీలే, అసలు నిల్వ పైన నాగార్జునసాగర్‌లో. మన ఒంట్లో ఆ సాగర్ కొవ్వు. అయితే ఈ పోలిక ఇక్కడికే. సాగర్ నీళ్లు బ్యారేజీకి వస్తాయి గానీ, కొవ్వు ఆమ్లాలు గ్లూకోజుగా మారవు. రోజా గంటలు గడిచేకొద్దీ కండరాలు కొవ్వుతో సరిపెట్టుకొని, గ్లూకోజును మెదడుకు వదిలిపెడతాయి.

కణంలోకి చేరిన గ్లూకోజు నుంచి వచ్చే శక్తిని మోసేది ఏటీపీ అనే అణువు. ఆక్సిజన్ లేకుండా ఒక గ్లూకోజు అణువుకు 2 ఏటీపీలే మిగులుతాయి, మైటోకాండ్రియాలో ఆక్సిజన్‌తో పూర్తిగా మండితే సుమారు 30. రోజు మొత్తంలో మన ఒళ్లు దాదాపు తన బరువంత ఏటీపీని చేసి, ఖర్చుపెట్టి, మళ్లీ చేస్తుంది. 1929లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి దీన్ని కనుగొన్నవారు యల్లాప్రగడ సుబ్బారావు గారు. (అదే ఏడు జర్మనీలో లోమాన్ కూడా విడిగా కనుగొన్నారు.) సుబ్బారావు గారు 1895లో మన పక్కనే భీమవరంలో పుట్టారు. ఆయన అమెరికా ప్రయాణానికి ఆసరా మామగారు కూడగట్టిన డబ్బు, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన మాట. ఏటీపీ అనే పేరైనా పుట్టకముందే ఆ దాతలు చెయ్యి చాపారు.

ఇక షుగర్ జబ్బు సంగతి. కండరాలు, కొవ్వు కణాలు గ్లూకోజును బాగా లోపలికి తీసుకోవాలంటే ఇన్సులిన్ తలుపు తియ్యాలి. అది చాలకపోతే గ్లూకోజు రక్తంలోనే పేరుకుపోతుంది, కణం పస్తుంటుంది. సూదిమందు వేసుకొని తిండి మానేస్తే కథ తిరగబడుతుంది, ఆ టీస్పూను కూడా ఖాళీ అవుతుంది. మా బంధువుల్లో ఒక పెద్దాయన సహరీ సగమే తిని, ఇన్సులిన్ మాత్రం రోజూ మోతాదే వేసుకొని రోజా ఉన్నారు. అసర్ వేళకు చెమటలు పట్టి మాట తడబడింది. ఇంట్లో అందరం రోజా నీరసం అనుకొని పడుకోబెట్టాం. పక్కింటి నర్సమ్మ పరీక్ష చేస్తే 48! ఇంకా మింగగలుగుతున్నారు గనుక చక్కెర నీళ్లు తాగించి ఆసుపత్రికి తీసుకెళ్లాం. బతికారు.

షుగర్ 70 కన్నా తగ్గినా, 300 దాటినా రోజా విరమించాలనేది వైద్యుల మాట. రోగికి సడలింపు ఖుర్ఆన్‌లోనే (2:184-185) ఉంది. మందుల మోతాదు, వేళలు రంజాన్‌కు నెల ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి.

దాతలకు ఒక విన్నపం. మనం పంచే రంజాన్ కిట్టులో బియ్యం, చక్కెర, సేమియాలే బరువు తూగుతాయి. చక్కెర కొంత తగ్గించి శనగలు, కందిపప్పు, వేరుశనగ పెంచితే సహరీ నెమ్మదిగా అరుగుతుంది. ఒక్కో వీధికి ఒక షుగర్ పరీక్ష మిషను, నెలకు సరిపడా స్ట్రిప్పులు ఇవ్వగలిగితే, దాన్ని వాడటం నేర్పే పని మా ఉపాధ్యాయులం చూసుకుంటాం.