కరువుకు కొలతలు తీశారు!

దేశంలో ఉపాధి హామీ పథకం తొలి అడుగు ఎక్కడ పడిందో మీకు తెలుసా? ఢిల్లీలో కాదండోయ్! అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో. 2006 ఫిబ్రవరి 2న సాక్షాత్తూ ప్రధాని మన్మోహన్ సింగే దిగొచ్చారు!

మరి ధాత కరువులో (1876-78) కూలి ఎంతో తెలుసా? అప్పటికి అనంతపురం జిల్లాయే లేదు, అంతా బళ్లారే. కరువు పనుల్లో రోజంతా రాళ్లు కొట్టే మనిషికి పౌను ధాన్యం, అంటే 450 గ్రాములు, పైన ఒక అణా చాలన్నాడు, కరువు చూడమని సర్కారు పంపిన రిచర్డ్ టెంపుల్ దొర. ‘కనీసం పౌనున్నర!’ అని అడ్డం తిరిగాడు మద్రాసు ఆరోగ్యాధికారి డాక్టర్ కార్నిష్. కాగితాల మీద పెద్ద యుద్ధమే నడిచింది. చివరికి 1877లో పౌనుంబావు ధాన్యం, కాస్త పప్పు దక్కాయి. పప్పు కోసం ఒక డాక్టరు సర్కారుతో కుస్తీ పట్టాల్సొచ్చింది!

అసలు మెలిక తెలుసా? అదే టెంపుల్ 1874లో బీహారు కరువుకు బర్మా బియ్యం తెప్పించి జనాన్ని బతికించాడు. బహుమానం? దుబారా చేశావని చీవాట్లు! ఆ పొదుపేదో మన పొట్టల మీద చూపించాడు, మహానుభావుడు.

మండలాలకు లాటరీ తీశారని మీకు తెలుసా? ఉపాధి కూలికి, పింఛనుకు వేలిముద్రల స్మార్ట్‌కార్డులు ముందు ఎవరికివ్వాలో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురంతో సహా 8 జిల్లాల్లో చీటీ తేల్చింది. కార్డులొచ్చిన చోట ఉపాధి సొమ్ము కాజేత 41 శాతం తగ్గింది. చీటీ తగలనిది దళారులకే!

కరువులో కుంటుపడిన ఎదుగుదలను పిల్లలు ఎక్కడ పూడ్చుకున్నారో తెలుసా? బడి మధ్యాహ్న భోజనంలో! 2002 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో 3,000 మంది పిల్లల వెంటపడ్డ ‘యంగ్ లైవ్స్’ పరిశోధన తేల్చిన మాట ఇది. లంచ్ బెల్ విలువ పిల్లలకు ముందే తెలుసులెండి!

బోరులో నీటిమట్టం, ఊరి వాన రైతులే కొలిచి, ఊరి బోర్డు మీద రాసి, రబీకి ముందు నీళ్ల బడ్జెట్ వేసుకున్నారని తెలుసా? ఈ లెక్క 2003లో మొదలైంది, 7 జిల్లాల్లో. లోటు బడ్జెట్ అయితే వరికి కోత. పార్లమెంటు వినాలి!

చివరి ప్రశ్న. వాన బీమా ఎగబడి కొనేది భయస్తులేగా? తప్పు! మహబూబ్‌నగర్, అనంతపురం పల్లెల్లో ఆర్థికవేత్తలు అడిగి చూస్తే, రిస్కంటే జంకేవాళ్లే తక్కువ కొన్నారు. వాన ఎగ్గొడుతుందన్న భయం కన్నా, ముక్కూమొహం తెలియని కంపెనీ ఎగ్గొడుతుందన్న భయమే ఎక్కువట!