మూసీ పొంగిన రోజు

వానలు వెనుకబట్టాయి, ఇక భయం లేదని మన పల్లెల్లో అందరం ఊపిరి పీల్చుకొనే రోజులు సెప్టెంబరు చివరి రోజులు. చెరువులు మాత్రం అప్పటికి నిండుకుండల్లా ఉంటాయి. సరిగ్గా అలాంటి సమయంలోనే, 1908 సెప్టెంబరు 28వ తేదీన, మూసీ నది హైదరాబాదు నగరాన్ని ముంచివేసింది.

మూసీ పెద్ద నదేమీ కాదు. వికారాబాదు దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాదు మధ్యగా పారి, వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. దాని మీద ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, 1578లో కట్టిన రాతి వంతెన పురానాపూల్. చార్మినారు కంటే 13 సంవత్సరాలు పెద్దది. ఆనాటి వరదకు అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు మూడూ కొట్టుకుపోయాయి. నగరపు రెండు ఒడ్లను కలుపుతూ మిగిలింది ఈ పాత వంతెన ఒక్కటే.

ఆ వరదలో సుమారు 15,000 మంది చనిపోయారని అంచనా. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ చెట్టును నేటికీ చూపిస్తారు.

ఇంత నీరు ఎక్కడిది? శంషాబాదులో 24 గంటల్లో 12.8 అంగుళాల వాన కురిసింది. కాని వాన ఒక్కటే కారణం కాదు. తరువాత పరిశీలనకు వచ్చిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు ఎగువన ఉన్న 788 చెరువుల లెక్క తీశారు. వాటిలో 221 తెగిపోయాయి. గొలుసుకట్టు చెరువుల సంగతి రైతు కుటుంబాలకు చెప్పనక్కరలేదు. పై చెరువు తెగితే ఆ నీరంతా కింది చెరువు మీద పడుతుంది. అదీ తెగితే ఇంకా కిందిదాని మీద. అలా ఊరూరి నీళ్లు ఒక్కటై నగరం మీద పడ్డాయి.

విశ్వేశ్వరయ్యగారి సలహా మేరకు ఎగువన జలాశయాలు కట్టారు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. అయినా 2020 అక్టోబరులో నగరంలో కాలనీలు మునిగాయి. 2025 సెప్టెంబరు చివర మూసీ నీరు మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి వచ్చింది. జలాశయాలున్నా నదికి దాని దారి విడిచిపెట్టవలసిందే.

మన వంతు పని కూడా ఉన్నది. వానలు ముదరకముందే మన ఊరి చెరువు కట్టను నలుగురం కలిసి చూద్దాం. ఎలుక బొరియలు, నెర్రెలు, తూము దగ్గర ఊట కనబడితే వెంటనే అధికారులకు చెబుదాం. ఇంకొక తడికి నీరు నిలుస్తుందని అలుగుకు అడ్డంగా ఇసుక బస్తాలు వేయకుండా ఉందాం. ఆ బస్తాల వల్ల మనకు దక్కేది నాలుగు మడుల నీరు. కట్ట తెగితే పోయేవి మనం ఎన్నడూ చూడని కింది ఊళ్లలోని ఇళ్లు.